కెంటకీ కాగితం

ఫిబ్రవరి 8, శనివారం

ఇవాళ కూడా తీసుకురాలేదు.

నది వంతెనకి ఇవతల, మా కెంటకీ వైపు, పాన్‌కేక్ హోటల్ ముందు కారు పెట్టుకుని చీకటిపడేదాకా కూర్చున్నాం. మా ఆయన హోబర్ట్ తన ఆక్సిజన్ సిలిండర్ కాళ్ళ మధ్య పెట్టుకుని, ఒహాయో వైపు నుంచి వచ్చే ప్రతి ట్రక్కుకీ మెడ చాచి చూశాడు. హోటల్ పిల్ల బయటికొచ్చి "కాఫీ తెచ్చిమ్మంటారా అండీ?" అని అడిగింది. మమ్మల్ని చూసి జాలిపడుతోందని అర్థమై నాకు ఒళ్ళు మండింది. కాఫీ మాత్రం తాగాను. చాలా బాగుంది.

జడ్జిగారి ఆర్డర్‌లో వంకర లేకుండా ఉంది. ప్రతి నెలా రెండో శనివారం, ఆదివారం మనవరాలు రేలిన్ మా దగ్గర ఉండాలి. తండ్రి దాన్ని ఈ హోటల్ దగ్గరికి తెచ్చి అప్పగించాలి. నా కూతురు లియానా పోయిన ఏడాదిన్నరకి కోర్టు చుట్టూ తిరిగి తెచ్చుకున్న కాగితం ఇది. కెంటకీ జడ్జి సంతకం, గుండ్రటి ముద్ర. పోయిన ఆగస్టులో మా అల్లుడు కర్టిస్ పిల్లని తీసుకుని నది దాటి ఒహాయో రాష్ట్రం వెళ్ళిపోయాడు. అక్కడ మరిస్సా అనే ఆవిణ్ణి పెళ్లిచేసుకున్నాడు. అది తప్పని నేననను. మగవాడు, చిన్నవాడు, ఎన్నాళ్ళని ఒక్కడే ఉంటాడు. నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ దాకా పిల్లని సరిగ్గానే తెచ్చాడు. ఆ తరవాత తేవడం లేదు. ఫోన్ ఎత్తడం లేదు.

నాకు కోపం లేదు.

రోడ్డు మీద మంచు లేకుండా ఇల్లు చేర్చినందుకు దేవుడికి స్తోత్రం.

ఫిబ్రవరి 9, ఆదివారం

చర్చిలో అందరూ రేలిన్ ఏదని అడిగారు. జలుబు చేసిందని చెప్పాను.

ఫిబ్రవరి 15, శనివారం

ఒహాయో వెళ్ళొచ్చాను. నేనొక్కదాన్నే. హోబర్ట్ వద్దన్నాడు. "ఆర్డీ, అది మన ఊరు కాదే. నీ దబాయింపు అక్కడ చెల్లదు" అన్నాడు. "దబాయింపు ఎవరిదయ్యా? కాగితం ఉంది నా దగ్గర" అన్నాను.

ఎవరింటికైనా ఉత్తచేతులతో పోవడం మా అమ్మ నేర్పలేదు. అందుకని ఎండు ఆపిల్ ముద్ద పొరల మధ్య పూసిన మా కొండకేకు ఒకటి చేసి పట్టుకెళ్ళాను. తలుపు ఆ మరిస్సా తీసింది. గొలుసు తియ్యలేదు, సందులోంచే మాట్లాడింది.

"ఆర్డిత్ గారూ, కర్టిస్ డ్యూటీలో ఉన్నాడు. ఆయన లేకుండా నేను పంపలేను."

"నేను నిన్ను అడగడం లేదమ్మా. జడ్జిగారు అడుగుతున్నారు. ఇదిగో ముద్ర."

"దయచేసి వెళ్ళండి. పిల్ల భయపడుతోంది."

నన్ను చూసి భయమా! దాని ఉగ్గుగిన్నె ఇంకా నా బీరువాలో ఉంది. నేనే పోలీసులకి ఫోన్ చేశాను. ఒక కుర్ర పోలీసు వచ్చాడు. మర్యాదస్తుడు, టోపీ తీసి మాట్లాడాడు. కాగితం ఆ చివర నుంచి ఈ చివరదాకా చదివాడు.

"అమ్మా, ఇది కెంటకీ కాగితం."

"అవును నాయనా. నేను కెంటకీ దాన్ని, నువ్వు పోలీసువి. పిల్లని పిలు."

"అలా కుదరదమ్మా. దీన్ని ముందు ఇక్కడి కోర్టులో రిజిస్టర్ చేయించాలి. అప్పుడే మా జడ్జి దీన్ని అమలు చెయ్యమంటారు. అప్పటిదాకా నేను ఆ తలుపు కూడా తట్టలేను."

"నది ఇవతలికి వస్తే జడ్జిగారి ముద్ర అరిగిపోతుందా?"

"అరిగిపోదమ్మా. ఇక్కడి ముద్ర కూడా పడాలి, అంతే."

కేకు అతని చేతిలో పెట్టేసి వచ్చాను. తీసుకోకూడదన్నాడు గానీ, నా మొహం చూసి తీసుకున్నాడు.

వచ్చేటప్పుడు మేడమీద కిటికీలో రేలిన్ కనిపించింది. జుట్టు పెరిగింది. చెయ్యి ఊపాను. పరదా పడిపోయింది. ఎండ మొహాన కొడుతుంటే నేను కనపడి ఉండను.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఒహాయోలో ఒక లాయరమ్మ దొరికింది. మిస్ ఒడెల్. ముసలివాళ్ళ కేసులకి ఫీజు తీసుకోని సంస్థలో పనిచేస్తుంది. గొంతు విన్నాక పాతికేళ్ళు కూడా ఉండవేమో అనిపించింది. కానీ నేను మధ్యలో ఎంత అడ్డుపడినా విసుక్కోకుండా చెప్పింది.

కెంటకీ ఆర్డర్‌ని ఒహాయో కోర్టు మళ్ళీ విచారించదట. ఇచ్చింది తప్పా ఒప్పా అని చూడదట. రిజిస్టర్ చేసి కర్టిస్‌కి నోటీసు పంపిస్తుంది. అభ్యంతరం ఉంటే అతను గడువులోగా చెప్పాలి. ఆ అభ్యంతరం కూడా ఏది పడితే అది చెప్పడానికి వీల్లేదు. అక్కడి జడ్జికి అధికారమే లేదనో, నాకు కబురే అందలేదనో, ఆర్డర్ రద్దయిందనో చెప్పుకోవాలి.

"అత్తగారంటే నాకు పడదని చెప్తే?" అన్నాను.

"అది చెల్లదండీ" అంది నవ్వుతూ.

ఇంత మంచి చట్టం రాసినవాళ్ళు ఎవరో, వాళ్ళ పిల్లాపాపా చల్లగా ఉండాలి. ఇవాళ కంటినిండా నిద్రపోతాను.

మార్చి 8, శనివారం

లాయరమ్మ హోటల్ దగ్గరికి వెళ్ళి కూర్చోమంది. మీరు వెళ్ళినట్టు రికార్డు ఉండాలి అంది. వెళ్ళాం. రాలేదు. కాఫీ బాగుంది.

మార్చి 22, శనివారం

చర్చి వెనక కొండమీద సమాధుల తోటకి వెళ్ళాం. చలికాలమంతా పడిన కొమ్మలు ఏరాలి, పోయినేడాది ప్లాస్టిక్ పూలు తీసెయ్యాలి. మా వాళ్ళ డెకరేషన్ జూన్ మొదటి ఆదివారం. ఆ రోజుకి ఎక్కడెక్కడివాళ్ళూ వచ్చి అయినవాళ్ళ సమాధులకి పూలు పెట్టి, పాటలు పాడి, గడ్డిమీద దుప్పట్లు పరిచి భోజనాలు చేస్తారు. లియానా పోయాక వచ్చిన మొదటి డెకరేషన్‌కి రేలిన్ వచ్చింది. మళ్ళీ రాలేదు. ఈసారి అది తన చేత్తో వాళ్ళమ్మకి పూలు పెట్టాలి. నాకు ఇంకేం అక్కర్లేదు. ఈ కాగితాలూ కోర్టులూ అన్నీ ఆ ఒక్క ఆదివారం కోసమే అనిపిస్తుంది నాకు.

లియానా సమాధిరాయి వానకి కడిగినట్టుంది. హోబర్ట్ ఎంచుకున్న రాయి అది. మా కొండల్లో మొగుడూపెళ్ళాలకి జంట రాయే వేస్తాం. బతికున్నవాళ్ళ పేరు, పుట్టిన ఏడాది కూడా చెక్కించి రెండో ఏడాది ఖాళీగా వదిలేస్తాం. నాదీ హోబర్ట్‌దీ ఎప్పుడో తయారుగా ఉంది. మా పెళ్లిరోజుకి దాని పక్కన నిలబడి ఫోటో కూడా దిగాం. లియానా పేరు పక్కన కర్టిస్ పేరు చెక్కించేటప్పుడు హోబర్ట్ ఒక మాటన్నాడు. "వాడికి తల్లీ తండ్రీ లేరు. చచ్చాకైనా వాడికో చోటుండాలి." డెకరేషన్ నాడు రాయిమీద గుడ్డ తీసి కర్టిస్‌కి చూపించాం. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అంత సంతోషపడ్డవాడికి ఆ వేసవిలోనే ఏం పురుగు కుట్టిందో, పిల్లని పంపడం తగ్గించాడు. చివరికి కోర్టుకెళ్తే తప్ప పంపనన్నాడు.

అప్పటికి రేలిన్ చదవడం కొత్తగా నేర్చింది. ఆ రోజు తోటలో ప్రతి రాయి దగ్గరా ఆగి పేర్లన్నీ గట్టిగా చదివింది. అందరూ చప్పట్లు కొట్టారు. లియానా రాయి దగ్గరికి వచ్చేసరికి నోరు మూసేసుకుంది. ఎండకి అలిసిపోయింది పాపం.

ఏప్రిల్ 17, గురువారం

గెలిచాం.

వరసగా రాస్తాను, లేకపోతే రేపటికి నేనే నమ్మను. ఒహాయో కోర్టు. జడ్జి ఆడమనిషి, ముక్కుమీద కళ్ళద్దాలు. నేను జడ్జిగారికి కేకు తీసుకెళ్ళాను. గుమ్మం దగ్గర గార్డు ఆపేశాడు.

"ఏంటమ్మా ఇది?"

"కేకు. జడ్జిగారికి."

మిస్ ఒడెల్ మొహం పాలిపోయింది. నన్ను పక్కకి లాగి "ఆర్డిత్ గారూ, దీన్ని లంచం అంటారండీ" అని గొణిగింది. లంచమా! పొద్దున్నే లేచి పిల్లల కోసం తీర్పు చెప్పే మనిషికి తిండి పెట్టడం లంచమా! సరే, వరండాలో బెంచీమీద పెట్టి కోసి, వచ్చేపోయేవాళ్ళందరికీ పంచేశాను. గార్డు తిన్నాడు. వేరే కేసువాళ్ళు తిన్నారు. బెంచీ చివర కర్టిస్, మరిస్సా కూర్చున్నారు. మరిస్సా కోటు విప్పేసరికి చూశాను, పొట్ట ఎత్తుగా ఉంది. నాకెవ్వరూ చెప్పలేదు. కడుపుతో ఉన్న ఆడదాని ముందు తిండి పంచుతూ ఆమెని వదిలేసే రకం కాదు నేను. తీసుకెళ్ళి ఇచ్చాను.

"థాంక్సండీ" అంది. ఒక ముక్క తిని ఇంకో ముక్క కేసి చూసింది. అదీ ఇచ్చాను. కర్టిస్ నేలకేసి చూస్తూ కూర్చున్నాడు.

లోపల కర్టిస్ లాయర్ లేకుండా తనే మాట్లాడాడు. పిల్ల రానంటోంది, వీళ్ళింటికి రావాలంటే ముందురోజు నుంచే ఏడుస్తుంది, అన్నం మానేస్తుంది అన్నాడు. జడ్జిగారు ఓపిగ్గా విన్నారు.

"ఆర్డర్ మార్చాలంటే ఇచ్చిన కెంటకీ కోర్టునే అడగాలి. ఆ ఆర్డర్ మార్చే అధికారం నాకు లేదు. ఉన్నంతకాలం అమలు చెయ్యడమే నా పని" అన్నారు.

రెండో శనివారం ఇకనుంచి ఒహాయోలోనూ చెల్లుతుంది. తప్పిపోయినవాటికి బదులు కొన్ని వారాంతాలు నేను ఎంచుకోవచ్చు. మళ్ళీ తప్పితే పోలీసులు వచ్చి పిల్లని అప్పగిస్తారు. నేను మనసులో అప్పుడే ఎంచేసుకున్నాను. డెకరేషన్ ఆదివారం!

బయటికొచ్చాక కర్టిస్ నా ఎదురుగా నిలబడ్డాడు. చిక్కిపోయాడు.

"గెలిచావు కదా అత్తయ్యా."

"గెలవడమేంటి? నా మనవరాలు నాకొచ్చింది."

ఇంకేదో అనబోయి ఆగిపోయాడు. వాడికి ఎప్పుడూ అంతే, మాట గొంతు దాటదు.

చట్టానికి, జడ్జిగారికి, లాయరమ్మకి, ఆ గార్డుకి కూడా స్తోత్రం.

ఏప్రిల్ 18

ఇవాళ గుడ్ ఫ్రైడే. సంతోషించకూడని రోజు. సంతోషిస్తున్నాను.

మే 10, శనివారం

వచ్చింది! ఒంటికి సరిపోని గులాబీ కోటు వేసుకుని ట్రక్కు దిగింది. కౌగిలించుకుంటే కర్రలా నిలబడింది. పర్వాలేదు. ఇన్నాళ్ళయింది కదా, బెరుకు ఉండదా.

బీన్సూ మొక్కజొన్నరొట్టే చేశాను, దానికి ఇష్టమని. రెండు మెతుకులు తిని ఫోన్ తీసింది. "నాన్నా, ఉన్నావా?" అంది. పెట్టేసింది. కాసేపటికి మళ్ళీ "నాన్నా, ఉన్నావా?" మళ్ళీ అదే. వాడే నేర్పి పంపాడు, మన దగ్గర నిలవకుండా. నేను హోబర్ట్‌తో ఆ మాటే అంటే "ఊరుకోవే" అన్నాడు.

ఏదైతేనేం, నా కప్పు కింద ఉంది. దాని మంచం పక్కన చెప్పులు చూసుకుంటూ రాస్తున్నాను.

మే 11, ఆదివారం

ఇవాళ అమ్మల ఆదివారం. చర్చిలో అమ్మ ఉన్నవాళ్ళకి ఎర్రపువ్వు, లేనివాళ్ళకి తెల్లపువ్వు గుచ్చుతారు. రేలిన్ చర్చికి రానని మంచం కోడు పట్టుకుంది. వేళ్ళు ఊడదీయబోతే ఒకటే అరుపు. "అక్కడికి నన్ను తీసుకెళ్ళకు, అక్కడికి నన్ను తీసుకెళ్ళకు." హోబర్ట్ "నువ్వెళ్ళు, నేను చూసుకుంటా" అన్నాడు.

వెళ్ళాను. తెల్లపువ్వు పెట్టుకున్నాను. పాస్టరు గారు ఏం చెప్పారో ఒక్క ముక్క చెవికెక్కలేదు. ప్రార్థన కాకముందే లేచి వచ్చేశాను. వెనకవైపు నుంచి వంటింట్లోకి రాగానే కిటికీలోంచి మాటలు వినబడ్డాయి. తాతా మనవరాలూ వరండా ఉయ్యాలబల్ల మీద కూర్చుని ఉన్నారు.

"తాతయ్యా, నాన్న ఎప్పుడు చచ్చిపోతాడు?"

"అదేం మాటే?"

"రాయిమీద పేరు రాసేశారుగా. ఎప్పుడో ఒక్కటే రాయలేదు. అక్కడ గుంట కూడా రెడీ అట. వెర్డీ అత్త చెప్పింది."

హోబర్ట్ ఊపిరి గరగరమనడం నాకు లోపలికి వినబడింది.

"ఇక్కడికి వచ్చినప్పుడల్లా నాన్నే నన్ను తీసుకొస్తాడుగా" అంది. "అలా వస్తే ఆ గుంట దగ్గరకి వచ్చేస్తాడుగా. నేను రానంటే నాన్న రాడు. అప్పుడు అందులో పెట్టలేరు."

రెండేళ్ళ నుంచి పిల్ల తండ్రిని కాపలా కాస్తోంది. నా నుంచి.

హోబర్ట్ అన్నాడు, "నా పేరూ ఉందే అమ్మా రాయిమీద. మీ అమ్మమ్మ పేరూ ఉంది. నువ్వు పుట్టకముందు నుంచీ ఉంది. చూడు, మీ అమ్మమ్మ ఇంకా ఎలా అరుస్తోందో."

రేలిన్ నవ్వలేదు. "నువ్వు ముసలాడివి తాతయ్యా. నాన్న కాదు" అంది.

ఆయన కాలితో ఉయ్యాలబల్ల మెల్లగా ఊపాడు. నేను తెల్లపువ్వు తీసి బల్లమీద పెట్టాను.

సాయంత్రం హోటల్ దగ్గర పిల్లని కర్టిస్‌కి అప్పగించాను. రేలిన్ పరిగెత్తుకెళ్ళి వాడి నడుం పట్టుకుని, వాడి చొక్కా తడిమి తడిమి చూసుకుంది.

మే 12, సోమవారం

పొద్దున్నే ఫోన్ చేశాను. ఎత్తాడు.

"కర్టిస్, ఆ రాయి సంగతి నాకెందుకు చెప్పలేదురా?"

అవతల టీవీ ఆపేసిన చప్పుడు.

"ఏం చెప్పమంటావత్తయ్యా? మావయ్య అంత ప్రేమగా చేయించాడు. గుడ్డ తీసి అందరూ నాకేసి చూస్తున్నారు. నా పేరు నేను చదువుకున్నా. నవ్వాలని తెలుసు. నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. మీరు సంతోషం అనుకున్నారు."

"ఆ తరవాతైనా చెప్పొచ్చుగా!"

"నాకో ఇల్లంటూ ఇచ్చింది మీరే. మీరిచ్చినదాన్ని తీసెయ్యమని ఏ మొహంతో అడగను?"

"పిల్ల భయం సంగతి?"

"చెప్తే నేనే నేర్పానంటావు."

"అంటాను" అన్నాను. నిజమే కదా, శనివారం అన్నాను కూడా.

ఇద్దరం ఒకేసారి నవ్వాం. ఆ తరవాత నేను ఏడ్చాను, వాడు ఫోన్ పెట్టెయ్యకుండా ఉన్నాడు. నోరు విప్పి ఒక్క మాట అంటే పోయేదానికి వాడు రాష్ట్రం దాటి పోయాడు. ఒక్క మాట అడిగితే పోయేదానికి నేను రెండు రాష్ట్రాల కోర్టులెక్కాను. మాకు మేమే సాటి!

హోబర్ట్ రాళ్ళ షాపుకి ఫోన్ చేశాడు. గ్రానైట్ మీద పేరు చెరపడం ఉండదట. వాడి పేరున్న సగాన్ని లోతుగా నూరేసి నున్నగా చెయ్యాలట. "చెయ్యి" అన్నాడు. ఫోన్ పెట్టేసి బయటికి పోయి మెట్లమీద కూర్చున్నాడు. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"వాడికో చోటుండాలనుకున్నానే, అంతే" అన్నాడు.

"తెలుసయ్యా."

"బతికుండగా ఎక్కడుండాలో వాడికే వదిలెయ్యాల్సింది."

ఇంత మంచి మనిషిని నాకు మొగుడిగా ఇచ్చినందుకు స్తోత్రం ఎప్పుడూ చెప్పలేదు దేవుడికి. ఇవాళ చెప్పాను.

మే 14, బుధవారం

మిస్ ఒడెల్ ఫోన్ చేసింది. బదులు వారాంతంగా డెకరేషన్ వారాన్ని ఎంచుకున్నారు కదా, కర్టిస్‌కి నోటీసు పంపిస్తున్నాను అంది.

"పంపకు తల్లీ."

"అదేంటండీ? మీకు అన్నిటికన్నా ముఖ్యం అదే అన్నారు. జడ్జి ఇచ్చిన హక్కు. అతను కాదనడానికి లేదు."

"అందుకే వద్దు. వాళ్ళమ్మ దగ్గరికి అది పోలీసులకి భయపడి రాకూడదు."

"రాకపోతే?"

"రాకపోతే రాదు."

ధైర్యంగానే అన్నాను. ఫోన్ పెట్టాక పొయ్యిమీద కూర మాడింది.

మే 29

పూలు కొన్నాను. పసుపువి. లియానాకి పసుపు ఇష్టం. అందరికీ సరిపోయేలా కొన్నాను, ఎవరైనా వస్తే.

జూన్ 1, ఆదివారం

రాలేదు.

ఎండ బాగుంది, అందరూ వచ్చారు, వేయించిన కోడి మిగల్లేదు. రేలిన్‌కి గుంట సంగతి చెప్పిన ఆ వెర్డీయే నున్నటి రాయి సగం తడిమి చూసి అందరికీ వినబడేలా "కర్టిస్ పేరేదమ్మా?" అంది.

"ఒహాయో వెళ్ళిపోయింది" అన్నాను.

పసుపుపూలు నేనే పెట్టాను, అన్నీ. దారికేసి చూడలేదు. చూశాను.

లియానాని నాకు ముప్పైఆరేళ్ళు ఇచ్చినందుకు స్తోత్రం. ఇవాళ ఇంతకన్నా రాయలేను.

జూన్ 14, శనివారం

మా రెండో శనివారం. కర్టిస్‌కి డ్యూటీ, మరిస్సా తీసుకొచ్చింది. పొట్ట స్టీరింగ్‌కి తగులుతోంది. మా ఇద్దరికీ మధ్య ఒకే మాట: "దారిలో వాన పడిందా?" "పడిందండీ."

రేలిన్ కారెక్కి వెనక సీట్లో కూర్చుంది. వంతెన కనుమరుగయ్యాక అడిగింది.

"అమ్మమ్మా, కొండమీద ఇవాళ ఎవరైనా ఉంటారా?"

"ఎవరూ ఉండరే. డెకరేషన్ అయిపోయిందిగా."

"అయితే వెళ్దాం. అప్పుడు అందరూ ఉంటారని రాలేదు. చప్పట్లు కొడతారు."

హోబర్ట్ నాకేసి చూశాడు. నేను రోడ్డుకేసి చూశాను. కారు కొండవైపు తిప్పాను.

పూలు వానకి వాలిపోయి ఉన్నాయి. రేలిన్ గడ్డిలోంచి తెల్ల క్లోవర్ పూలు తెంపి, ఒకదాని కాడకి ఒకటి ముడేసి దండ చేసింది. వాళ్ళమ్మ నేర్పినట్టు. అది గుర్తుందని నాకు తెలియదు. రాయిమీద పెట్టి, స్కూలు సంగతులు చెప్పింది వాళ్ళమ్మకి. లెక్కల టీచరు మీద చాడీలు, పక్కపిల్ల పిల్లి, ఇంకా ఏవేవో. మేం దూరంగా నిలబడ్డాం. చాలాసేపు చెప్పింది. మమ్మల్ని తొందరపెట్టేవాళ్ళు ఎవరూ లేరు.

ఇంటికొచ్చి బీన్సు మూడుసార్లు పెట్టించుకుంది. ఫోన్ ఒక్కసారే తీసింది. "నాన్నా, ఉన్నావా? సరే, ఉండు."

జూన్ 15, ఆదివారం

హోటల్ దగ్గరికి కర్టిస్, మరిస్సా ఇద్దరూ వచ్చారు. ఎప్పుడూ పిల్ల సంచి అందుకుని వెళ్ళిపోయేవాళ్ళు, ఇవాళ ట్రక్కు దిగారు. కర్టిస్ హోబర్ట్ సిలిండర్ పట్టుకుని హోటల్లోకి నడిపించుకెళ్ళాడు. మామా అల్లుళ్ళు రాయి గురించి ఏమైనా మాట్లాడుకున్నారేమో తెలియదు. నేను వినలేదు, హోబర్ట్ చెప్పడం లేదు. అడిగితే బేస్‌బాల్ గురించట.

మేం ముగ్గురం బయట బెంచీమీద కూర్చున్నాం. రేలిన్ మరిస్సా పొట్టమీద చెవి పెట్టి వింటోంది. ఉన్నట్టుండి తలెత్తింది.

"అమ్మమ్మా, చెల్లికి నువ్వు ఏమవుతావు?"

మరిస్సాని ఇబ్బంది పెట్టకూడదని గబగబా చెప్పేశాను. "ఏమీ అవనే. నేను మీ అమ్మకి అమ్మని, అందుకని నీకు అమ్మమ్మని. చెల్లికి వాళ్ళ వాళ్ళు వేరే ఉంటారు."

"ఎవరూ లేరండీ" అంది మరిస్సా.

ఆమె పొట్టమీద చెయ్యి పెట్టుకుని రేలిన్‌కేసి చూస్తూ మాట్లాడింది, నాకేసి కాదు. "మా అమ్మ నన్ను కన్నప్పుడే పోయింది. కాన్పు సంగతులు అడగడానికి నాకు ఎవరూ లేరు. చెల్లిక్కూడా అమ్మమ్మే, రేలిన్. ఆవిడకి ఇష్టమైతే."

నేను ఎంత తెలివితక్కువదాన్నంటే, నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "ఆర్డర్‌లో దాని పేరు లేదుగా అమ్మా."

మరిస్సా మొదటిసారి నాకేసి తిరిగింది.

"లేదండీ. నేనే అడుగుతున్నాను."

ఆగస్టులో పుడుతుందట. నొప్పులు మొదలవగానే ఫోన్ చేస్తాను, రాగలరా, భయంగా ఉంది అంది. వస్తాను అన్నాను. ఆమె చెయ్యి పట్టుకుని ఇంకా ఏవో అన్నాను, గుర్తులేదు. రేలిన్ మా ఇద్దరి మధ్యా దూరి కూర్చుంది.

ప్రభువా, ఏం రాయను. నువ్వు చూశావుగా.